నెలకోసారి వచ్చే మోకాళ్ల నొప్పి

మా తమ్ముడు నాతో మాట్లాడాడండోయ్! ఆరేళ్ల తర్వాత! నిన్న తెనాలి గుడిలో ఇద్దరం పక్కపక్కనే మోకరించాం! ఆపుకోలేక రాస్తున్నాను... పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, తప్పులుంటే సర్దుకోండి.

మా చిన్నప్పుడు... సంగం జాగర్లమూడిలో నెలకో శనివారం సాయంత్రం నాకు ఒళ్లు మండేది. మొదటి ఆదివారం మా చర్చి గుడిలో ప్రభువు సంస్కారం... మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి, ఎవరితోనైనా పగ ఉంటే తీసుకోకూడదు. ముందురోజు నాన్న కూలిపని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని అందర్నీ వరసగా అడిగేవాడు... "ఎవరితోనైనా మాటల్లేవా?" మాటల్లేకపోతే వెళ్లి కలిసి రావాల్సిందే, అప్పటిదాకా అన్నం లేదు! పిల్లలకి సంస్కారం ఇవ్వరు గానీ, ఈ విచారణ మాత్రం మాకూ ఉండేది!

ఓసారి పక్కింటి సుబ్బయ్య బాబాయి గేదె మా దడి మీది సొరపాదు మొత్తం మేసేసింది. నేను దాన్ని మట్టిబెడ్డలతో కొట్టాను. ఆయన నన్ను తిట్టాడు, నేను ఆయన్ని తిట్టాను. శనివారం నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు వాళ్ల గేదెది కదా నాన్నా!"

"తప్పెవరిదని అడిగానట్రా? మాటలున్నాయా లేవా అనడిగాను. నడువు."

ఇదేం న్యాయమండీ! సొరపాదూ మాదే, క్షమాపణా మాదేనా! బాబాయి మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, "గేదెకైతే బుద్ధి లేదు, నీకేమైందిరా అబ్బాయ్" అని నవ్వాడు. ఆ మజ్జిగ తాగుతూ కూడా ఉడికిపోయాను.

ఇప్పటి సంగతికొస్తాను. నేను తెనాలిలో, తమ్ముడు దావీదు రేపల్లెలో ఉంటాం. ఆరేళ్ల కిందట వాడి కూతురి పెళ్లి పత్రికలో, ఇంటికి పెద్దకొడుకుని, నా పేరు అందరికంటే కింద వేయించాడు. నేను పెళ్లికి వెళ్లలేదు. వాడు మా గడప తొక్కలేదు. అంతే!

కానీ నాన్న పెట్టిన అలవాటు వదలదే... తమ్ముడితో మాటల్లేకుండా సంస్కారం ఎలా తీసుకోను? అందరూ ముందుకెళ్లి మోకరిస్తుంటే, "మోకాళ్ల నొప్పులండి" అని బెంచీ మీదే ఉండిపోయేవాణ్ణి. పాస్టరు అయ్యగారు పాపం నా మోకాళ్ల కోసం ప్రార్థన కూడా చేశారు!

మొన్న శనివారం మా అమ్మాయి కరుణ బాపట్ల నుంచి వచ్చింది. నేను నిచ్చెనెక్కి సొరకాయలు కోస్తున్నాను.

"నిచ్చెనెక్కే మోకాళ్లు గుళ్లో వంగవా నాన్నా? అయ్యగారు చెప్పార్లే. దావీదు బాబాయితో మాటల్లేవనే కదా?"

దొరికిపోయాను. "తప్పు మీ బాబాయిది!" అని అరిచాను.

"తప్పెవరిదని అడిగానా?"

చూశారా! నేను చెప్పిన కథ నా మీదికే తెచ్చింది! సొరకాయ సంచిలో పెట్టి, నన్ను రేపల్లె రైలెక్కించి, తనూ ఎక్కింది. దారంతా విసుక్కుంటూనే ఉన్నాను... పిల్లలకి కథలు చెప్పకూడదండీ!

తలుపు తీసింది దావీదే. జుట్టంతా నెరిసిపోయింది. లోపల్నుంచి మరదలు, "రండి బావగారూ! మీ తమ్ముణ్ణి మీరే అడగండి. సైకిల్ తొక్కుతారు, చెట్లెక్కుతారు... గుళ్లో సంస్కారానికి మాత్రం మోకాళ్లు వంగవంటారు, ఆరేళ్లుగా!" అంది.

నేను వాడి వంక చూశాను.

"నీకూనా?"

"నెలకోసారేనన్నయ్యా... మొదటి ఆదివారమే వస్తుంది" అన్నాడు తలొంచుకుని.

ఒక్క తండ్రి పిల్లలం... ఆరేళ్లు చెరో ఊళ్లో, చెరో బెంచీ మీద, ఒకటే అబద్ధం! వాడి చెయ్యి పట్టుకున్నాను. సొరకాయ కూరతో అన్నం తిని, వాణ్ణీ మరదల్నీ వెంటబెట్టుకుని తెనాలి వచ్చేశాను.

ఇప్పుడు శనివారం సాయంత్రం అలా అడిగే పెద్దవాళ్లేరీ... కోపమొస్తే ఫోన్లో బ్లాక్ చేసేస్తున్నాం, ఆదివారం ఇస్త్రీ బట్టలేసుకుని గుడికి వెళ్తున్నాం. మిమ్మల్ని అలా చెయ్యి పట్టుకు లాక్కెళ్లినవాళ్లుంటే కింద రాయండి, చదువుకుంటాను.

మావాళ్లు ఇది చూస్తే వెంటనే చెప్పాల్సినవాళ్లు... బాపట్ల అక్కయ్యకి. పిట్టలవానిపాలెం మేనత్తకి, సరిగ్గా వినపడదు, గట్టిగా చెప్పండి. పెళ్లికి నేను రాలేదని ఏడ్చిన దావీదు కూతురికి, అందరికంటే ముందు. ఇక చుండూరు పెద్దబావకి... పత్రికలో నా పేరెక్కడుందో వేలుపెట్టి చూపించింది ఆయనే. ఆయనకి రెండుసార్లు చెప్పండి!