ముదీర్ గోడ మీద మా బొమ్మ

మనుషుల్ని వెక్కిరిస్తూ నేను బొమ్మ గీసింది జీవితంలో ఒక్కసారే. అదైనా సరిగ్గా గీయలేకపోయాను.

అప్పట్లో ఖఫ్జీలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పెయింటర్ని. కరీంనగర్ వైపు సినిమా బ్యానర్లు, ఎలక్షన్ కటౌట్లు వేసి బతికినవాణ్ని సౌదీకి వచ్చి పైపులకు పసుపు రంగు, ట్యాంకులకు తెల్ల రంగు పూస్తున్నాను. అప్పుడప్పుడు బోర్డులు కూడా రాయించేవారు. 'పొగ తాగరాదు' అని అరబ్బీలో రాయమంటే, ఎదురుగా పెట్టిన కాగితం చూసి పువ్వో ఆకో గీసినట్టు గీసేవాణ్ని. ఒక్క తప్పు పోయేది కాదు. చదువొచ్చిన పెయింటర్లే అక్షరాలు మింగుతారని నా అనుభవం.

మా ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లండు మనిషి. కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఎక్కడో దమ్మాంలో ఉండేవాడు, ఆయన్ని మేం చూసింది లేదు. మాకు కనిపించే దేవుడు ముదీరే. మంచివాడనే చెప్పాలి. తిట్టడు, అరవడు. నన్ను "పెయింటర్" అని పిలిచేవాడు, నా రూములో ఉండే మేస్త్రీని "మేసన్" అనేవాడు. తన కుక్కను మాత్రం ముద్దుపేరు పెట్టి పిలిచేవాడు.

ఆ ఏడు ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దూరింది. ఖఫ్జీకి ఆ సరిహద్దు కూతవేటు దూరం. నెత్తిన పరుపులు కట్టుకున్న కార్లు కువైట్ నుంచి మా ఊళ్లోంచే పోయాయి. మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉన్నాయి కాబట్టి మేం ధైర్యంగా అక్కడే ఉండిపోయాం.

చలి మొదలయ్యేవేళకు ముదీర్ విల్లా కిటికీ అద్దాలకు నల్ల రంగు వేయమన్నారు. లోపలి దీపాలు విమానాలకు కనపడకూడదట. ఆయన భార్య అప్పటికే ఇంగ్లండు వెళ్లిపోయింది. ఇంట్లో ఆయన, కుక్క. నడవ గోడకు వరసగా అద్దాల ఫ్రేముల్లో బొమ్మలున్నాయి. రంగు డబ్బా కింద పెట్టి నిలబడిపోయాను.

ఒకదాంట్లో ఒక రాజుగారి పొట్ట తోపుడుబండి మీద వస్తోంది. వెనకాల రాజుగారు నడుస్తున్నారు. చిరుగుల అంగీల జనం బండి తోస్తున్నారు. ఇంకోదాంట్లో పీలకాళ్ల మంత్రి ఒకడు కొంగలాగా నిలబడి ఖజానా సంచిలో ముక్కు పెట్టాడు. మరోదాంట్లో ఒక దొరసాని జుట్టు ఎంత ఎత్తుగా ఉందంటే, ఇద్దరు పనివాళ్లు నిచ్చెనలు వేసుకుని దువ్వుతున్నారు. ఆమె గౌను మెడ దగ్గర మాత్రం ఎవరో నల్ల మార్కరుతో నింపేశారు. ఇంగ్లండు నుంచి ఖఫ్జీ వచ్చే దారిలో కస్టమ్స్ వాళ్ల చేతిలో ఆ తల్లికి కాస్త మర్యాద దొరికింది. రాజు పొట్ట జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

నేను చూడటం చూసి ముదీర్ సంబరపడ్డాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అందేది, మిగతా సగం ఆయన చేతులు చెప్పేవి. ఒకే పేరున్న నలుగురు రాజులు వరసగా ఏలిన కాలం నాటివట అవి, రెండు వందల ఏళ్ల కిందటివి. రాగిరేకు మీద మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్ పోస్తే గీత రేకులోకి దిగుతుంది. అందులో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. అచ్చులో అంతా తిరగబడుతుంది కాబట్టి అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాయాలి. అరబ్బీ బోర్డులు రాసే నాకు ఆ కష్టం వెంటనే అర్థమైంది. రంగులు చేత్తో వేసేవారట. ఆడవాళ్లు, పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు ఎరుపు, ఒకరు నీలం, కాగితం పక్కకు జరుపుకుంటూ పోయేవారట. రాజుగారి కోటు దగ్గర ఎరుపు గీత దాటింది. వేసినామెకు అప్పటికి నడుం పట్టేసి ఉంటుంది.

ఆ బొమ్మల్ని దుకాణం అద్దాలకు అతికించేవారట. కొనలేని జనం బయట గుంపుకట్టి చూసి నవ్వుకునేవారట.

"రాజు ఊరుకున్నాడా సార్?" అన్నాను.

"ఏం చేస్తాడు? కోర్టుకు పోతే, ఆ పొట్ట నాదే అని ఒప్పుకోవాలి కదా!"

మా వైపు కటౌట్లో నాయకుడి ముక్కు ఒక ఇంచి వంకరపోతే బస్సుల అద్దాలు పగిలేవి. ఈ జనం పొట్టను బండెక్కించి కూడా బతికి బట్టకట్టారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"ఈ బొమ్మలంటే మంత్రులకు వణుకు, పెయింటర్" అన్నాడు ముదీర్, అవన్నీ తనే గీసినంత గర్వంగా. ఆ మాట నా బుర్రలో పడి ఉండిపోయింది.

కొన్నాళ్లకు మాస్కుల పెట్టెలు వచ్చాయి. విషవాయువు వదులుతారని ఊరంతా ఒకటే మాట. ఆఫీసు వాళ్లకు, విల్లాల వాళ్లకు మాస్కులు పంచారు. ముదీర్‌కు ఒకటి. ఇంగ్లండులో ఉన్న భార్య పేరు కూడా లిస్టులో ఉంది కాబట్టి ఆమెకూ ఒకటి. క్యాంపులోని మాకు ఒక కాగితం అతికించారు. గ్యాసు వస్తే తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకోవాలి, కిటికీ సందులకు టేపు వేసుకోవాలి. ఇంగ్లీషులో, అరబ్బీలో, ఉర్దూలో రాశారు. విషవాయువు తెలుగువాళ్ల జోలికి రాదనుకున్నారేమో.

మేస్త్రీది నిజామాబాద్ వైపు. నాకన్నా పదేళ్లు పెద్ద. ఎన్నో ఏళ్లు సిమెంటు దుమ్ము పీల్చి ఛాతీ పాడైపోయింది. నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు వచ్చేవి. ఆ కాగితం చదివించుకున్న సాయంత్రం తువ్వాలు తడిపి కట్టుకుని చూశాడు. నిమిషం నిలవలేదు. విప్పేసి మంచం పట్టె పట్టుకుని దగ్గాడు. స్టోరుకు పోయి మాస్కు అడిగితే 'ఖల్లీ వల్లీ' అని చెయ్యి ఊపారు, పోపొమ్మని.

"తమ్మీ, మంచి గాలే నాకు సక్కగ ఆడదు" అన్నాడు. "తడి తువ్వాల కట్టుకుంటె గ్యాసు రాకముందే నేను పోత. నీకు ముదీర్‌తోని మాటున్నది గద. ఒక్కపారి అడుగరాదు. నాకొక్కటే సాలు."

రూములో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ నవ్వు ఆగకముందే ఆ తువ్వాలు మళ్లీ తడిపి తలగడ పక్కన పెట్టుకున్నాడు. నాకూ భయం వేసింది, గ్యాసు గురించి కాదు, ఆయన గురించి.

ముదీర్‌ని అడిగాను. "లిస్టులో లేదు పెయింటర్" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. లిస్టు ఎవరు రాశారని అడిగేంత ఇంగ్లీషు నాకు లేదు, ఉన్నా అడిగేవాణ్ని కాదు. అప్పుడు గుర్తొచ్చింది, మంత్రుల వణుకు సంగతి.

ఆ వారం మేస్త్రీని బయటి సైటుకు పంపారు. తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో మాస్కు పెట్టాలని పంతం పట్టాను. శుక్రవారం సెలవు. ఒక హార్డుబోర్డు ముక్క, డబ్బాల అడుగున మిగిలిన ఎనామిల్ రంగులు ముందేసుకుని కూర్చున్నాను. మనసులో బొమ్మ స్పష్టంగా ఉంది. సోఫాలో బానపొట్టతో ముదీర్, ఒళ్లో మాస్కు. పక్కన కుక్క, దాని మూతికి మాస్కు. భార్య కూర్చునే ఖాళీ కుర్చీకి ఇంకో మాస్కు. గుమ్మం బయట తడి తువ్వాళ్లు కట్టుకుని మా క్యాంపు వాళ్లు నలభై మంది, అందరికన్నా ముందు మా మేస్త్రీ.

అంతా అలాగే గీశాను. కానీ నా చెయ్యి నా మాట వినలేదు. ఏళ్ల తరబడి దానికి ఒకటే అలవాటు. పెద్దమనిషి పైన, పెద్దగా, చెంపలకు గులాబి రంగు. హాస్యగాళ్లు కింద, చిన్నగా, పళ్లు బయటికి. "పెద్దోని పొట్ట పెయింటుల కనవడొద్దుర" అని మా గురువు కుంచె కాడతో వేళ్ల మీద కొట్టి నేర్పాడు. ముదీర్ పొట్ట గీయబోతే అది ఛాతీలోకి ఎక్కిపోయింది. భుజాలు విశాలమయ్యాయి. బట్టతల మీద కాస్త జుట్టు కూడా మొలిచింది. తుడిచి మళ్లీ వేశాను, ఇంకా అందంగా వచ్చాడు. కిందికి వచ్చేసరికి మాత్రం కుంచె ఉరకలేసింది. ఒకడికి తువ్వాలు కింది నుంచి పొడుచుకొచ్చిన ఎత్తు పళ్లు, ఒకడికి పుల్లల్లాంటి కాళ్లు. మేస్త్రీకి తువ్వాలు పైన గుడ్లు ఊడి పడేటంత కళ్లు.

రూమువాళ్లు చుట్టూ మూగారు. "ఆరి నీ, వీని పండ్లు సూడుర్రి!" అని ఒకరినొకరు చూపించుకుని పడీపడీ నవ్వారు. ముదీర్‌ని చూసి ఒక్కడూ నవ్వలేదు. "సారు మంచిగొచ్చిండు" అన్నారు. నాకు సిగ్గేసింది. అయినా కుక్క మూతికి మాస్కుంది కదా, అదైనా తగులుతుందని సర్దిచెప్పుకుని బోర్డు చంకన పెట్టుకుని విల్లాకు పోయాను.

ముదీర్ చూశాడు. ముందు కుక్కను చూసి నవ్వాడు. తర్వాత మావాళ్లను చూసి కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నా భుజం తట్టాడు. అప్పటికప్పుడు మేకు తెచ్చి నడవలో ఆ పాత బొమ్మల వరసలోనే తగిలించాడు.

"నీకు తెలుసా పెయింటర్, ఆ కాలంలో యువరాజు తనను వెక్కిరించిన బొమ్మల్ని తనే మనుషుల్ని పంపి కొనిపించేవాడు!"

ఈ సంగతి ఆయన ముందే చెప్పి ఉంటే నాకు ఒక శుక్రవారం మిగిలేది.

"మరి మాస్కు, సార్" అన్నాను, మేస్త్రీ బొమ్మ మీద వేలు పెట్టి. "ఈ మనిషికి ఛాతీ జబ్బు."

"అందరిలోకీ వీడే బ్రహ్మాండం! ఆ కళ్లు చూడు!" అని మళ్లీ నవ్వాడు. లోపలికి పోయి మూత మీద రాణిగారి బొమ్మ ఉన్న బిస్కెట్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను థాంక్యూ సార్ అన్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మేస్త్రీ వచ్చాడు. జరిగింది చెప్పాను. "మాస్కడిగితె బిస్కిట్లిచ్చిండా?" అని ఒకటి చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. "మంచిగనే ఉన్నయి" అన్నాడు.

జనవరిలో ఒక పొద్దున యుద్ధం మొదలైంది. సరిహద్దు అవతలి నుంచి గుండ్లు పడ్డాయి. ఒక ఆయిల్ ట్యాంకు అంటుకుని ఊరి మీద నల్లటి పొగ కమ్మింది. అందులో గ్యాసు ఉందో లేదో ఎవరికీ తెలియదు. మమ్మల్ని లారీ ఎక్కించి దక్షిణానికి తోలారు. మేస్త్రీ తువ్వాలు కట్టుకుంటే ఊపిరాడదు, విప్పితే పొగకు దగ్గు. నేను పక్కన కూర్చుని బాటిల్లో నీళ్లతో తువ్వాలు తడుపుతూ, ఆయన వీపు రాస్తూ ఉన్నాను. ఆ దారిలో నేను తిట్టుకున్నది ముదీర్‌ని కాదు, నన్ను. మధ్యలో ముదీర్ కారు మమ్మల్ని దాటిపోయింది. వెనక సీటులో కుక్క, దాని పక్కన దుప్పటి చుట్టిన ఫ్రేములు. అటుపక్క చివర్న దుప్పటి చాలక నా హార్డుబోర్డు మూల బయటికి కనపడింది. మా లారీలో ఎవరికీ దుప్పటి లేదు.

గ్యాసు రాలేదు. మేస్త్రీ బతికాడు. అందరూ 'చూశావా, ఏం కాలేదు' అన్నారు, ఏం కాదని తమకు ముందే తెలిసినట్టు.

యుద్ధం అయిపోయిన మరుసటేడు మా కంపెనీకి ఎర్రసముద్రం వైపు రాబిగ్‌లో పని దొరికింది. ముదీర్ అక్కడికే వచ్చాడు. ఒకరోజు ఆయన ఆఫీసు గోడ పగుళ్లిస్తే మేస్త్రీని, నన్ను పంపారు. ఆయన ప్లాస్టరు చేయాలి, తర్వాత నేను రంగు వేయాలి. ముదీర్ కుర్చీ వెనక, మంచి ఫ్రేములో, నా బొమ్మ. వచ్చిన ప్రతి ఆఫీసరూ దాన్ని చూసి ఓసారి నవ్వి గాని కూర్చునేవాడు కాదట.

మేస్త్రీ దాన్ని చూడటం అదే మొదలు. తాపీ పట్టుకుని దగ్గరికి పోయాడు. చాలాసేపు చూశాడు. కుక్కను చూశాడు, ఖాళీ కుర్చీని చూశాడు, చివరికి తనను చూసుకున్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను.

"బొమ్మలనన్న నాకొక మాస్కు వెట్టకపోతివి తమ్మీ" అన్నాడు మెల్లగా. "రంగులు నీయే, చెయ్యి నీదే. దీనికి ఎవలనడిగేదున్నది?"

నలభై మందిని గీసిన వాణ్ని, ఆ ఒక్క ఆలోచన నాకు రాలేదు. బల్ల దగ్గర ఫైళ్లు సర్దుకుంటున్న ముదీర్ దగ్గరికి పోయి అడిగాను. "సార్, ఆ బొమ్మ ఒక్క అరగంట ఇవ్వండి. ఈయనకు మాస్కు పెడతాను. చిన్న పనే."

ముదీర్ తల అడ్డంగా ఊపాడు. విసుక్కోలేదు, ఎప్పటిలాగే మంచిగానే చెప్పాడు. "వద్దు వద్దు పెయింటర్. వీడికి మాస్కు పెడితే ఇక నవ్వడానికి ఏముంటుంది?"

మేస్త్రీకి ఇంగ్లీషు రాదు. "ఏమంటుండు?" అని అడిగాడు.

"రంగు ఎండిపోయిందట అన్నా, ఇప్పుడు మళ్ల పట్టదట" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్లుగా గోడలు కట్టిన మనిషి.

"ఎండినంకనే గద తమ్మీ రంగు వట్టేది" అన్నాడు. వంగి సిమెంటులో నీళ్లు పోసుకుని గోడ పని మొదలుపెట్టాడు.