దొరసాని కేకు

తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకోవడంలోనే నా బడి వయసు గడిచిపోయింది. అరవై దాటాక కోడలు అక్షరాలు దిద్దించింది కాబట్టి ఇది ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న ఆబిడ్స్‌లో ఒక బేకరీ ముందు వెన్న కాలే వాసన తగిలింది. చిన్నప్పుడు క్రిస్మస్ ముందురోజు ఇంట్లో కలిపిన కేకు పిండిని నాంపల్లిలో బేకరీకి తీసుకెళ్లి, వరుసలో నిలబడి కాల్పించుకునేవాళ్లం. ఒక ఏడు అమ్మా నేనూ తెల్లవారకముందే వెళ్లి అందరికంటే ముందు నిలబడ్డాం. కేకులు కాల్చే భట్టీ వేడెక్కగానే, అమ్మ పనిచేసే బంగళా దొరసాని వచ్చి మా పళ్లెం పక్కకు నెట్టింది.

"జర ఆగు మరియమ్మా, నీకేం తొందర?"

"ఔనమ్మా," అంది అమ్మ.

"గామెను ఏమనవేందమ్మా?" అన్నాను.

"ఓర్చుకో బిడ్డా. దేవుడు చూస్తుండు."

చూస్తున్నాడంటే శిక్షిస్తాడనే అనుకున్నాను. దొరసాని కేకు మాడిపోవాలని కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థించాను. అది నిజంగానే బొగ్గయింది.

"భట్టీ మస్తు వేడి మీదుండె, మీరే ముందు పెట్టుమన్నరు," అన్నాడు బేకరీ ఆయన. నేను పైకే నవ్వాను.

"చుట్టాలొస్తున్నరు, ఏం పెట్టాలె?" అంది దొరసాని. మా కేకు బయటికి రాగానే అమ్మ దాన్ని కోసి సగం ఆమెకిచ్చింది.

దారంతా ఏడ్చాను. "దేవుడు అంత కష్టపడి మాడగొడితే నువ్వు ఇచ్చేస్తివి!"

"దేవునికి ఇంకేం పని లేదా పిల్లా?" అని అమ్మ నవ్వింది.

ఓర్చుకోవడమంటే దేవుడు కొట్టేదాకా ఎదురుచూడటం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మర్నాడు క్రిస్మస్ ఉదయం చర్చిలో దొరసాని నా చెంప నిమిరింది. ఆమె చూస్తుండగానే ఆ చెంపను గౌను అంచుతో గట్టిగా తుడుచుకున్నాను.