కృష్ణకుమారి ఇంట కొని తెచ్చిన విందు

నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ గురువారం నాడు మిషిగన్‌లోని నోవైలో తెరిచి ఉండే తలుపులు తక్కువ. దుకాణాలు మూస్తారు, ఆఫీసులు మూస్తారు. ఊరికి కొత్తగా వచ్చి ఉద్యోగంలో చేరిన కుర్రవాడు విమానం టికెట్టు ధర చూసి, ఎక్కడికీ వెళ్ళకుండా గదిలోనే ఉండిపోతాడు. అలాంటివాళ్ళకు ఆ రోజు భోజనం పెట్టే ఇల్లు కృష్ణకుమారిది. ఆమెది తెనాలి. భర్త పరంధామయ్య కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆమె చాలాకాలం ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంది. అయితే ఈ సంగతులు ఎవరికీ గుర్తుండవు. థాంక్స్‌గివింగ్ ఆంటీ అంటేనే అక్కడి తెలుగువాళ్ళకు ఆమె ఎవరో తెలుస్తుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. బుధవారం సాయంత్రానికే ఆ ఇంట్లో గారెలకు పప్పు నానేది, పులిహోరకు చింతపండు ఉడికేది. గుత్తి వంకాయ, గోంగూర, కోడి వేపుడు, వీటన్నిటితోపాటు గుమ్మడికాయా చిలగడదుంపా వేసి పెద్ద గిన్నెడు ముక్కల పులుసు. ఫ్రిజ్‌లో పట్టని గిన్నెలను గరాజ్‌లో పెట్టేది. నవంబరు నెలలో మిషిగన్ గరాజ్ ఏ ఫ్రిజ్‌కూ తీసిపోదు. ఇంత వంటలోనూ ఆమెకు ఓవెన్‌తో ఏనాడూ పని పడలేదు. ఆ ఇంట్లో ఓవెన్ ఒక అలమర. మూకుళ్ళు, పెనాలు, ఇడ్లీ రేకులు, ఎవరి పెళ్ళికో వచ్చిన స్టీలు డబ్బాలు అందులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి.

కృష్ణకుమారి మంచిదన్నది నిజం. ఆమెకొక దురభిప్రాయం ఉండేదన్నదీ నిజమే. పండగ పూట కొన్న తిండి పెట్టే ఇళ్ళంటే ఆమెకు చిన్నచూపు. దీపావళికి ఎవరింట్లోనైనా కేటరింగ్ ట్రేలు బల్ల మీద పరిస్తే అక్కడ నవ్వుతూనే తినేది. కారెక్కాక మాత్రం, రేకు ట్రేలు ముందు పెట్టి తినమంటే అది పండగెలా అవుతుందని భర్తను నిలదీసేది. ఆ ఇంటి ఆడది ఉద్యోగం చేసి, పిల్లలను క్లాసులకు తిప్పి, రాత్రి ఇండియా టీముతో మీటింగు ముగించి పడుకుంటుందని పరంధామయ్య ఒకసారి లెక్కలోకి తెచ్చాడు. తానూ ఉద్యోగం చేసింది కదా అన్నది ఆమె జవాబు. ఆ జవాబులో కొంత న్యాయం ఉంది, కొంత గర్వమూ ఉంది.

గర్వం అడుగున ఒక నమ్మకం ఉండేది. మనుషులు తన ఇంటికి తన చేతి వంట కోసం వస్తారని ఆమె అనుకునేది. దానికి ఆమె చూపించే సాక్ష్యం జితేందర్. కరీంనగర్ నుంచి వచ్చిన ఆ కుర్రవాడు పెళ్ళికి ముందు మొదటిసారి ఆ ఇంట అన్నం తిన్నప్పుడు ముక్కల పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు. నాటి నుంచీ పులుసంటే జితేందర్‌కు ప్రాణం అన్నది ఆమెకు తిరుగులేని సత్యం. అతనికి రష్మితో పెళ్ళయింది, కూతురు దియ పుట్టింది, ఇల్లు కొన్నారు. దియ కృష్ణకుమారిని అమ్మమ్మా అని పిలిచేది. ఏటా ఆ గురువారం ముగ్గురూ ఆమె ఇంటికే వచ్చేవారు. వెళ్ళేటప్పుడు ఖాళీ పెరుగు డబ్బా నిండా పులుసు ఇచ్చి పంపేది.

ఆ ఏడు అక్టోబరులో ఆమె కుడి భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి పట్టీలో ఉంది. గరిటె కూడా ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక రెండే దారులు మిగిలాయి: ఎవరినీ పిలవకపోవడం, లేదా కొని తేవడం. పిలవకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు. ఊళ్ళో పండగలకు వంటలు చేసిచ్చే ఆవిడ ఆ వారం డాలస్‌లో కూతురి దగ్గర ఉంది. చివరికి పరంధామయ్య సూపర్‌మార్కెట్‌లో రెడీమేడ్ డిన్నర్ బుక్ చేశాడు: ఒక టర్కీ కోడి, ఆలుగడ్డ ముద్ద, బీన్స్, గ్రేవీ, గుమ్మడికాయతో చేసిన ‘పై’ అనే తీపి వంటకం. అంతా వండే ఇస్తారా అని కౌంటర్ దగ్గర అడిగి మరీ వచ్చానని భార్యకు భరోసా ఇచ్చాడు.

ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద అనుకుని ఆమె రష్మికి ఫోన్ చేసింది. రష్మి, ఈసారి తాము చికాగోలో తన అన్నయ్య దగ్గరకు వెళ్దామనుకుంటున్నామని, ఇంకా ఏమీ తేల్చుకోలేదని చెప్పింది. కృష్ణకుమారి సరేనమ్మా అని ఫోన్ పెట్టేసింది. కొన్న తిండి అనగానే చికాగో గుర్తొచ్చిందన్నమాట. ఈ ఏడు రానివాళ్ళు పై ఏడు మాత్రం ఎందుకు వస్తారు? భుజం నొప్పికి మాత్ర ఉంది గాని, ఈ నొప్పికి లేదు.

గురువారం ఉదయం పరంధామయ్య డిన్నర్ పెట్టె తేవడానికి వెళ్ళిన సమయంలో ఆమె ఎడమ చేత్తో గుమ్మడికాయ కోయడం మొదలుపెట్టింది. ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చింతపండు పిసకడానికి అరగంట పట్టింది. ఆయన తిరిగి వచ్చేసరికి పులుసు మరుగుతోంది. పెట్టెను గరాజ్‌లో పెట్టి వచ్చి, మిగిలిన బెల్లం తనే తరిగి ఇచ్చాడు.

నాలుగు దాటాక యూనివర్సిటీ నుంచి నలుగురు విద్యార్థులు వచ్చారు. వాళ్ళ వెనకే, ఆమె ఆశ వదులుకున్న తరువాత, జితేందర్ కారు వచ్చి ఆగింది. ఆమె సంతోషం పైకి కనబడనీయలేదు. వడ్డిద్దామని పరంధామయ్య పెట్టె తెచ్చి బల్ల మీద తెరిచాడు. టర్కీ మంచుముద్దలా ఉంది. గ్రేవీ గడ్డకట్టింది. మూత మీద అతికించిన కాగితం ప్రకారం దాన్ని ఓవెన్‌లో మూడు గంటలు వేడి చేయాలి. వండి ఇస్తామని దుకాణంవాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. వేడివేడిగా ఇస్తామని వాళ్ళు అనలేదు, ఈయన అడగలేదు. వండినదంటే పొగలు కక్కుతూ ట్రేలో వచ్చేదే మనవాళ్ళకు తెలుసు.

మైక్రోవేవ్‌లో టర్కీ కాలొక్కటే పట్టింది. రష్మి వెళ్ళి ఓవెన్ తలుపు తీసింది.

"ఆంటీ, ఇది ఓవెనా, స్టీలు సామాన్ల షాపా?"

అందరూ చేతికందినది అందుకున్నారు. మూకుళ్ళు, రేకులు, డబ్బాలు హాల్లో సోఫా మీదికి చేరాయి. ఎన్నడూ వెలగని ఓవెన్ వెలిగేసరికి ముందు వాసన వచ్చింది, తరువాత పొగ అలారం మోగింది. ఒక విద్యార్థి తువ్వాలుతో దాన్ని విసరసాగాడు. ఆలోపు ఆకలి తీరడానికి ఇంట్లో ఉన్నది కుక్కర్ అన్నం, పులుసు, ఆవకాయ. అందరూ పళ్ళేలు పట్టుకుని వంటింట్లోనే తలొక చోట నిలబడ్డారు. కృష్ణకుమారి ఎడమ చేత్తో గరిటె పట్టుకుని మొదట జితేందర్ వైపే తిరిగింది.

"నీ కోసమే చేశాను నాయనా. మిగతాదంతా కొన్నదే. ఇదొక్కటి నా చేతిది."

జితేందర్ ఆమె చేతి పట్టీ వైపు చూశాడు, పెద్దవీ చిన్నవీ కలిసిన ముక్కల వైపు చూశాడు. పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఆంటీ, ఒక మాట చెప్తే తిట్టొద్దు. మీ పులుసుల బెల్లం నాకు ఎన్నడూ నచ్చలే."

అలారం అప్పుడే ఆగింది. అందుకే ఆ మాట అందరికీ వినబడింది. రష్మి నుదురు కొట్టుకుంది.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు తిన్నావురా?" అంది కృష్ణకుమారి. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగింది.

"మొదటిసారి మీరే ఇంకో గరిటె పోసిన్రు. వద్దంటే బాగుండదని తిన్న. ఆ తర్వాత ఏడాదికేడాది డబ్బాల పోసిచ్చిన్రు. ఇగ ఎప్పుడు చెప్పాలె?"

"మరి ఈసారి కొన్నదనగానే చికాగో అన్నారుగా?"

"అయ్యో, కొన్నదని కాదు ఆంటీ," అంది రష్మి. "మేం వస్తే మీరు ఊరుకోరు, ఏదో ఒకటి వండుతారని భయమేసింది. అందుకే చికాగో అన్నాను. ఈయనేమో రాకుండా ఉండనని ససేమిరా అన్నాడు."

"చికాగోల నాకెవరున్నరు?" అన్నాడు జితేందర్. "గురువారం అంటే నాకు ఈ ఇల్లే. నేను పులుసు కోసం వచ్చిన్నా ఏంది?"

కృష్ణకుమారి గరిటె గిన్నెలో వదిలేసింది. ఇన్నాళ్ళూ తిరుగులేదనుకున్న సాక్ష్యం ఒక్క మాటతో కొట్టుకుపోయింది. అయినా వంట కోసం వస్తారన్న పాత నమ్మకం పోయి, అంతకంటే మంచిదొకటి దాని స్థానంలోకి వచ్చింది. ఆమె నవ్వడానికి కొంచెం సమయం పట్టింది. నవ్విన తరువాత, ఆ డబ్బాలన్నీ ఇంటికి పట్టుకెళ్ళి ఏం చేసేవారని అడిగింది. రష్మి తిని పెట్టేదట. ఆమెది రాజమండ్రి.

ఎనిమిదింటికి టర్కీ బల్ల మీదికి వచ్చింది. పక్షపాతం లేకుండా చెప్పాలంటే మాంసం కొంచెం పొడిగా ఉంది, గ్రేవీ బాగుంది. ఆలుగడ్డ ముద్ద చప్పగా ఉందని రష్మి ఆవాలూ ఎండుమిర్చీ పోపు పెట్టింది. అది ఒక్క స్పూను కూడా మిగలలేదు. కృష్ణకుమారి టర్కీ ఎవరికీ వడ్డించకుండా, తన ఇంట మొదటిసారి అందరితోపాటు కూర్చుని తిన్నది. వేడి తగ్గకముందే తినగలిగిన ఆ భోజనం ఆమెకు కొత్త.

మరుసటి ఏటికి భుజం నయమైంది. అయినా పరంధామయ్య సూపర్‌మార్కెట్‌లోనే బుక్ చేశాడు, ఆమె కాదనలేదు. బుధవారమే ఓవెన్ ఖాళీ అయింది. మూత మీది కాగితాన్ని ఆయన పైకి చదివి వినిపించాడు. ఆమె చేసింది ముక్కల పులుసు ఒక్కటే, అదీ బెల్లం లేకుండా. బెల్లం కోరు పక్కన చిన్న గిన్నెలో పెట్టింది.

దియ ఆలుగడ్డ ముద్ద మీద పులుసు పోయించుకుని తిని, పళ్ళెం మళ్ళీ చాపింది. కృష్ణకుమారి గరిటె ఎత్తి ఆగింది.

"నచ్చి అడుగుతున్నావా, మీ నాన్నలాగానా?"

"నచ్చింది అమ్మమ్మా," అంది దియ. "కానీ కొంచెం స్వీట్ చెయ్యి."

కృష్ణకుమారి జితేందర్ వైపు చూడకుండా బెల్లం గిన్నెను మనవరాలి ముందుకు జరిపింది.