హానూస్ ఒంటిచేత్తో పెట్టిన విందు

స్కార్వీక్ ఊళ్ళో పదిహేడు గడపలు. ఆ పదిహేడింటిలో ఏ ఇంటి తలుపూ ఎవరూ తట్టరు. తోసుకుని లోపలికి వస్తారు, బూట్లు విప్పుతారు, కుర్చీ లాక్కుని కూర్చుంటారు. వచ్చినవాళ్ళను ఎవరు, ఎందుకొచ్చారు అని అడగడం కూడా అక్కడి అలవాటు కాదు. ముందు కడుపులోకి ఏదైనా వెళ్ళాలి, కబుర్లు తరువాత. ఫారో దీవుల్లో పుట్టినవాడెవడూ ఇందులో తప్పు పట్టడు. ఆ గురువారం హానూస్ కొంప ముంచింది మాత్రం సరిగ్గా ఈ మర్యాదే.

హానూస్ గొప్పతనం చెప్పాలంటే ఒక పూట చాలదు. వారం విడిచి వారం పంతులు వచ్చే బడిలో ఏడేళ్ళు చదివాడు. రెండు ఊళ్ళకూ కలిపి ఒక్క పంతులే మరి. ఆ సగం చదువుతోనే పద్నాలుగో ఏట పడవెక్కి, ముప్పై ఒక్క ఏళ్ళు గ్రీన్లాండ్ నీళ్ళలో గాలాలు వేశాడు. తనకంటే ఆరు కిలోలు ఎక్కువ తూగే చేపను ఒక్కడే పడవలోకి లాగాడు. చర్చి గంట ఇరుసు అరిగిపోతే కొత్తది చేసి ఎక్కించాడు. ఇప్పటికీ ఆ ఇరుసు మీదే గంట మోగుతోంది. పడవ పందేల్లో ఊరి జట్టును రెండో స్థానానికి తెచ్చాడు. మొదటి స్థానం పోయింది గాలి వల్లే కానీ తెడ్ల వల్ల కాదని ఒడ్డున నిలబడి చూసినవాళ్ళందరికీ తెలుసు. చేతులు పట్టుకుని గుండ్రంగా అడుగులేస్తూ పాడే పాటల్లో నూట డెబ్బై చరణాలున్నదాన్ని కాగితం చూడకుండా ఎత్తుకోగలిగినవాడు ఆ తీరంలో ఆయనొక్కడే మిగిలాడు.

సముద్రం మానేశాక భార్య బిల్లాతో కలిసి ఊరు చూడవచ్చినవాళ్ళకు ఇంట్లోనే భోజనం, పడక ఇవ్వడం మొదలుపెట్టాడు. గుమ్మం పక్కన బోర్డు కూడా తనే రాసి కొట్టాడు. పంతొమ్మిది వేసవుల్లో నలభై మూడు దేశాల మనుషులు వాళ్ళ బల్ల దగ్గర తిన్నారు. వంట బిల్లాది, కబుర్లు ఆయనవి.

ఈ ఏడు బిల్లా మోకాలు మొరాయించింది.

"ఇంక నావల్ల కాదయ్యా. ఆగస్టు వెళ్ళగానే ఆ బోర్డు దింపేద్దాం," అంది.

"దింపి ఏం చేద్దామని?"

"ఏం చెయ్యం. కూర్చుందాం."

హానూస్‌కు ఊరికే కూర్చోవడమంటే ఏంటో తెలియదు. వచ్చేవాళ్ళు లేని ఇంట్లో గ్రీన్లాండ్ కథ ఎవరికి చెప్పాలి? బిల్లాకు కంఠతా వచ్చేసింది, పైగా మధ్యలో తప్పులు దిద్దుతుంది.

"నువ్వు కూర్చో. వంట నేను చేస్తాను," అన్నాడు.

"నువ్వా? నువ్వు నోరు తెరిస్తే దుంపలు మాడి బొగ్గయ్యేదాకా ముయ్యవు."

"పడవలో పద్దెనిమిది మందికి వండి పెట్టాను, తెలుసా?"

"వాళ్ళు మటుకు ఎక్కడికి పారిపోతారు, చుట్టూ నీళ్ళాయె."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. గురువారం హాలండ్ నుంచి నలుగురు వస్తున్నారు. బిల్లా కారులో రేవుకు వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చి, ఇంటి దగ్గరి మలుపులో దింపి, తన తమ్ముడు సామల్ ఇంటికి పోతుంది. వంటింట్లో కాలు పెట్టదు. హానూస్ ఒక్కడే మొదటినుంచీ చివరిదాకా నెట్టుకొస్తే వచ్చే వేసవి కూడా బోర్డు ఉంటుంది. ఏమాత్రం తేడా వచ్చినా దిగుతుంది.

గురువారం హానూస్ తెల్లారేసరికే లేచాడు. దుంపలు ఉడకబెట్టాడు, గట్టిరొట్టె కాల్చాడు, చేప ఉండలు చుట్టాడు, పెరట్లో పెరిగే పుల్లటి ఎర్రకాడలతో చేసిన జామ్ సీసా దించాడు. అన్నిటికంటే ముఖ్యమైనది గొర్రె తొడ. ఇంటి వెనక, పలకల మధ్య సందులు వదిలి కట్టిన కొట్టంలో, తొమ్మిది నెలలు సముద్రపు గాలికి వేలాడి ఆరిన తొడ. ఎండ తగలకూడదు, ఉప్పు వెయ్యకూడదు, అంతా గాలి పనే. దాన్ని పల్చగా కోసి పచ్చిగానే రొట్టె మీద పెట్టుకుని తింటారు. ఆ ఏటి సరుకులో మిగిలింది ఆ ఒక్క తొడే.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. నాలుగింటికి తలుపు తెరుచుకుంది. నలుగురు లోపలికి వచ్చారు, నీళ్ళు కారుతున్న కోట్లతో. హానూస్ లెక్కపెట్టుకున్నాడు. నలుగురే. బిల్లా మాట ప్రకారం మలుపులో దింపేసి పోయిందన్నమాట.

వాళ్ళలో పెద్దావిడ, డెన్మార్క్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే గెర్దా, తలుపు దగ్గరే ఆగి, "అయ్యా, మేము నిజానికి..." అంది.

"ముందు కూర్చోండమ్మా. తడిసి ముద్దయ్యారు."

"అది కాదండీ, దారి అడుగుదామని..."

"దారి సంగతి నన్నడగండి. గ్రీన్లాండ్ దగ్గర దిక్సూచి చెడిపోతే నాలుగు రోజులు అలల పోకడ చూసి పడవను ఇంటికి తెచ్చినవాణ్ణి. ముందు ఈ చేప ఉండ రుచి చూడండి."

గెర్దా స్నేహితుల వైపు చూసింది. వాళ్ళు అప్పటికే రుచి చూస్తున్నారు. కొండ మీద దారి తప్పి, పొద్దుట్నుంచీ రెండు ఆపిల్ పళ్ళతో నడిచినవాళ్ళు మరి. ఆవిడ ఇంకో రెండుసార్లు నోరు తెరిచింది. ఒకసారి చర్చి గంట కథ అడ్డొచ్చింది, ఒకసారి పడవ పందెం కథ. పాట నలభయ్యో చరణానికి వచ్చేసరికి తొడలో ఎముకే మిగిలింది. హానూస్ ఆ ఎముక చూసి పొంగిపోయాడు. బిల్లా పెట్టినప్పుడు కూడా ఇంత శుభ్రంగా ఎవరూ తినలేదు.

అప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంది. బిల్లా కుంటుకుంటూ వచ్చింది. వెనక నలుగురు, పెట్టెలతో.

"మంచుకి పడవ గంటన్నర ఆలస్యమైందయ్యా. చెప్పి పోదామని వచ్చా..." అని ఆగిపోయి, బల్ల వైపు చూసింది. "వీళ్ళెవరు?"

"అతిథులు," అన్నాడు హానూస్.

"మరి నా వెనకాల ఉన్నవాళ్ళెవరు?"

గెర్దా లేచి నిలబడింది, చేతిలో రొట్టెముక్కతోనే. "మేము దారి తప్పినవాళ్ళమండీ. నాలుగుసార్లు చెప్పబోయాను. పెద్దాయన..."

"తెలుసమ్మా. నలభై ఏళ్ళుగా నేనూ చెప్పబోతూనే ఉన్నాను," అంది బిల్లా. తరువాత మొగుడితో, "పేరైనా అడిగావా?" అంది.

"తినకముందు ఎలా అడుగుతాను?"

"తిన్నాక?"

హానూస్ ఖాళీ పళ్ళాలు ఎత్తడం మొదలుపెట్టాడు. బిల్లా వంటింట్లో కాలు పెట్టలేదు, మాట మాటే. నడవాలో ఎత్తుపీట మీద కూర్చుని మోకాలు చాపుకుంది. "కానియ్యి. ఒప్పందం ఇంకా అయిపోలేదుగా," అంది.

దుంపలున్నాయి, చేప ఉంది, ఇంకో కుండ పొయ్యి మీద పెట్టవచ్చు. కానీ ఆరిన మాంసం లేని భోజనాన్ని ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ పెట్టలేదు. కొట్టంలో ఖాళీ కొక్కేలే ఉన్నాయి. ఊళ్ళో అప్పటికి తొడ మిగిలిన ఇల్లు ఒక్కటే. అది సామల్‌ది.

సామల్ వరసకు బావమరిది, మాటకు పగవాడు. గాలి వాడి కొట్టం దాకా ఎక్కేసరికి అలిసిపోతుందని, వాడి మాంసం కుక్కకు కూడా ఆలోచించి పెట్టాలని హానూస్ పంతొమ్మిదేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాడు. ఇప్పుడు ఆ కొట్టానికే వాలు ఎక్కి పోవాల్సి వచ్చింది. బోర్డు లేని గుమ్మం ఒకటికి రెండుసార్లు కళ్ళ ముందు మెదిలింది. లేకపోతే మలుపు దగ్గరే వెనక్కి తిరిగేవాడు.

సామల్ కిటికీలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. "ఏం బావా, నువ్వు కూడా దారి తప్పావా?"

"ఒక తొడ కావాలి."

"కుక్కకా?"

"మనుషులకే."

"నలుగురికేగా?"

"ఎనిమిది మంది ఉన్నారు. నలుగురు తినేశారు."

సామల్ నవ్వు ఆపుకోవడానికి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇస్తాను బావా. కానీ నేనే తెస్తాను, నేనే కోస్తాను. ఎవరి మాంసమో నువ్వు నీ నోటితో చెప్పాలి."

హానూస్ తల ఊపాడు.

ఇద్దరూ దిగి వచ్చేసరికి హానూస్ ఇల్లు సందడిగా ఉంది. గెర్దా అంట్లు తోముతోంది, ఆవిడ స్నేహితులు హాలండ్ వాళ్ళ కోట్లు పొయ్యి దగ్గర ఆరేస్తున్నారు. సామల్ బల్ల దగ్గర నిలబడి కత్తి తీశాడు. కాగితం కంటే పల్చగా కోశాడు. హాలండ్ వాళ్ళలో ఒకాయన నమిలి, కళ్ళు మూసుకుని, ఇంకో ముక్క అందుకున్నాడు. "ఇది మీ కొట్టంలోదేనా?" అని హానూస్‌ను అడిగాడు.

ఎనిమిది మందీ చూస్తున్నారు. నడవాలోంచి బిల్లా చూస్తోంది.

"కాదు. మా బామ్మర్దిది," అన్నాడు హానూస్.

"ఎలా ఉంటుందో కూడా చెప్పు బావా," అన్నాడు సామల్.

హానూస్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. గ్రీన్లాండ్ చేపను లాగినప్పుడు కూడా అంత కష్టపడలేదు. "బాగుంది," అన్నాడు. "నా దానికంటే కొంచెం మెత్తగా ఉంది."

సామల్ కత్తి పక్కన పెట్టి, ఎవరూ పిలవకుండానే కూర్చున్నాడు. "మీ పేరేంటమ్మా? ఏ ఊరి నుంచి బయలుదేరారు?" అని గెర్దాను మొదలుకొని అందర్నీ వరసగా అడిగాడు. ఒక్కొక్కరూ చెప్పారు. హాలండ్ వాళ్ళలో ఒకాయన కూడా ఓడల్లో పనిచేశాడని తేలింది. ఆ కబుర్లు మంచు విడిపోయి, కొండ తల కనిపించేదాకా సాగాయి.

కాఫీ దగ్గర బిల్లా తీర్పు చెప్పింది. "ఎనిమిది మంది తిన్నారు, ఎవరూ ఆకలితో లేవలేదు. దుంపలు కూడా మాడలేదు. కాబట్టి బోర్డు ఉంటుంది. కానీ రోజూ మా తమ్ముడు కూడా ఈ బల్ల దగ్గర ఉండాలి. నువ్వు వండు, వాడు పేర్లు అడుగుతాడు."

"రోజూనా?"

"రోజూ. లేదంటే దింపేద్దాం."

వేసవంతా ఎదురుగా సామల్ మొహం. హానూస్ ఆ సంగతి లోపల్లోపలే తూచుకున్నాడు. బల్ల చుట్టూ ఎనిమిది మంది ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

"సరే. కానీ వాడు తలుపు దగ్గర కూర్చోవాలి," అన్నాడు.

"కిటికీ దగ్గర. నాకు సముద్రం కనిపించాలి," అన్నాడు సామల్.

"అది నా కుర్చీ."

"నువ్వు పొయ్యి దగ్గరుంటావుగా బావా, నీకు కుర్చీతో ఏం పని?"

హానూస్ భార్య వైపు చూశాడు. బిల్లా కాఫీలో చక్కెర కలుపుకుంటోంది, తల ఎత్తలేదు. ఆయన లేచి, కిటికీ పక్క కుర్చీని రెండు చేతులా పట్టుకుని, బావమరిది వైపు తోశాడు.