అత్త వంకపెట్టిన దుంపలు

మొన్న ఆదివారం మా కోడలు బంగాళాదుంపల్ని వేళ్లంత పొడుగు ముక్కలుగా కోసి, నూనెలో ఎర్రగా వేయించి, పళ్లెం నా ముందు పెట్టింది. శ్రీకాకుళంలో హోటలుకెళ్లి తినేవాటిని ఇంట్లోనే చేసిందట. ఒకటి నోట్లో వేసుకున్నాను. కరకరలాడింది. "బాగున్నాయే" అన్నాను. దాని మొహం పాలిపోయింది. నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఏటత్తా, ఒంట్లో బాగోలేదా?" అంది.

దాని భయంలో తప్పు లేదు. అక్షరాలైతే ముసలితనంలో నేర్చుకున్నాను గానీ, పొగడ్తలు ఇప్పటికీ రాలేదు నాకు. పైగా మా అత్త సంగతి ఆ పిల్లకి వందసార్లు చెప్పి ఉంటాను.

అప్పుడు మేం నెల్లిమర్లలో ఉండేవాళ్లం. మా మావగారికి జూట్ మిల్లులో పని. పొద్దున్నే మిల్లు కూత కన్నా ముందు అత్త కూత వినిపించేది. నేను పప్పు వండితే పలచన, చారు కాస్తే చిక్కన. అయితే ఒకటి, తినకుండా మాత్రం ఏనాడూ తిట్టలేదు. శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని తిట్టేది.

ఒక వానాకాలం ఆవిడకి పచ్చకామెర్లు వచ్చాయి. పత్యం మనిషి ఉన్న ఇంట్లో పోపు వాసన రాకూడదని నూనె సీసా అటకెక్కించాం. అందరికీ చప్పిడి కూడే. మావ ఆ చారుని కాసేపు చూసి, దణ్ణం పెట్టి తాగేవాడు. కొన్నాళ్లకి ఆవిడ కళ్లు పసుపు తగ్గి తెల్లబడ్డాయి. కాస్త నూనె తగిలినా పరవాలేదని విజయనగరం డాక్టరు అన్నాడు. కానీ మనిషి తిండి ముట్టదు. ఏం పెట్టినా ఒక మెతుకు కొరికి, "బాగుందమ్మా" అని కంచం జరిపేసేది. 'ఒసే' తప్ప పిలవని మనిషి 'అమ్మా' అంటుంటే, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేదాన్ని. మా ఆయన పెరట్లోకెళ్లి కళ్లు తుడుచుకుని, "అమ్మ ఇలగ మెత్తబడిపోనాదంటే మరి దక్కదేమోనే" అన్నాడు.

ఆవిడకి దుంపల వేపుడంటే ప్రాణం. రెండు ముక్కలైనా తింటుందేమోనని కళాయి పొయ్యి మీద పెట్టాను. పద్ధతి ఆవిడ నేర్పిందే. ముక్కల్ని నీళ్లలో నానేసి, తెల్లటి పిండి పోయేదాకా కడిగి, పాత పంచె మీద ఆరబెట్టాలి. నూనె బాగా కాగాక కొంచెం కొంచెంగా వెయ్యాలి. ఉప్పూ కారం దించాకే. అన్నీ తెలుసు. కానీ ఆవేళ చేతులు నా మాట వినలేదు. తడి ముక్కల మీదే ఉప్పు చల్లి, అన్నీ ఒక్కసారే కుమ్మరించాను. నూనె పొంగింది. ముక్కలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మళ్లీ చేద్దామంటే ఇంట్లో దుంపలు లేవు. అవే పట్టుకెళ్లాను.

అత్త ఒక ముక్క తీసుకుంది. నమిలింది. ఆగింది. నేనూ, మా ఆయనా, మావా గుమ్మంలో నిలబడ్డాం.

"ఒసే! ఇవి ఏపినావా, ఉడకబెట్టినావా? ఉప్పు ముందే సల్లీసినావు కదే! నాను మంచమెక్కితే వంటిల్లు ఇలగ తగలడిపోవాలేటి?" అంటూనే రెండో ముక్క అందుకుంది.

"అమ్మయ్య, వచ్చీసింది" అన్నాడు మావ, దూరప్రయాణం నుంచి మనిషి బస్సు దిగినట్టు. మా ఆయన ఏడుస్తూ నవ్వాడు. నేను ఆ తిట్లు వింటూ అలాగే గోడకి చేరగిలబడిపోయాను. అంత హాయి నాకు పెళ్లినాడు కూడా లేదు.

ఇంతకీ కోడలి చెయ్యి ఇంకా నా నుదుటి మీదే ఉంది. "ఉప్పు సాల్లేదు. ముక్కలు దుడ్డుకర్రల్లాగ కోసినావు" అన్నాను. "హమ్మయ్య!" అని ఊపిరి వదిలి, పక్కన కూలబడి, తనూ ఒక ముక్క తీసుకుంది. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఎవరి నోటికి జడిసి బతికామో ఆ నోరే మనకొచ్చి కూర్చుంటుంది. ఏ ఏడాది వచ్చిందో మాత్రం ఎవరికీ తెలీదు.