ఖాజా భాయ్ పోయని నూనె

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని అనడం కూడా సరి కాదేమో. మూట మోసేవాడికి చెమట పడుతుంది, పదిమందికీ కనబడుతుంది. నాది ఎవరికీ కనబడలేదు. కనబడకుండా ఉండటానికే ఇంకో అబద్ధం ఆడాను. ఆ రెండోదే నన్ను ఎక్కువగా తింటోంది.

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. మిగతావాళ్ల పేర్లు మార్చాను. ఇదీ భయమే. ఒప్పుకుంటాను.

మాది గుమ్మడిదల దగ్గర ఊరు. బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో ఫిట్టర్‌ని. ఎయిర్ కంప్రెసర్లు చూసుకోవడం నా పని. ఊళ్లో రెండెకరాల పొలం ఉంది. అక్కను అదే ఊళ్లో ఇచ్చాం. బావ దేవదానానికి ఒక ట్రాక్టర్ ఉండేది. సొంత పొలానికీ కిరాయికీ అదే. దాన్ని ఆయన కడిగినంత శ్రద్ధగా ఎవరూ ఎద్దుల్ని కూడా కడిగి ఉండరు.

ఆ ట్రాక్టర్‌కి ఏం కావాలన్నా చేసేది ఖాజా భాయ్. రోడ్డు మీద చిన్న రేకుల షెడ్డు. చదువు లేదు. పొడుగాటి స్క్రూ డ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి, ఫలానా చోట అరిగింది అనేవాడు. విప్పితే అదే అరిగి ఉండేది. చుట్టుపక్కల మూడు ఊళ్ల ట్రాక్టర్లు ఆయన దగ్గరికే వచ్చేవి.

తొమ్మిదేళ్ల కిందట నాట్లకు ముందు బావ వాళ్లమ్మకు బాగాలేక సంగారెడ్డి ఆసుపత్రిలో ఉన్నాడు. నా పొలం దున్నుకుంటానంటే అక్క తాళం ఇచ్చింది. పడమటి గట్టు మీదుగా దాటించొద్దని బావ ఎన్నోసార్లు చెప్పాడు. అక్కడ రాళ్లున్నాయి. నేను అటే దాటించాను. చుట్టూ తిరిగి వెళ్లడానికి బద్ధకం, అంతే. కింద ఏదో గట్టిగా తగిలింది. దిగి చూస్తే ఇంజన్ అడుగున ఉండే బోల్టు వదులై నూనె కారుతోంది. బిగించాను. అప్పటికే చాలా పోయింది. కొలిచే కడ్డీ తీసి చూస్తే నూనె కింది గీతను కూడా అందుకోవడం లేదు.

ఖాజా భాయ్ షెడ్డు బైకు మీద పది నిమిషాలు. సరైన నూనె అక్కడ దొరుకుతుంది. కానీ వారం కిందటే ఆయన పాత నూనె తీసి కొత్తది పోశాడు. ఇంతలోనే ఎందుకు తగ్గిందని అడుగుతాడు. బావకు చెబుతాడు. గట్టు సంగతి బయటపడుతుంది. బావ నాలుగు మాటలంటాడు. నాలుగు మాటలే కదా! ఆ నాలుగు మాటలు పడి ఉంటే ఏం పోయేది? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో చెప్పలేను. జవాబు చాలా చిన్నది. అది ఎంత చిన్నదో తలుచుకుంటేనే సిగ్గేస్తుంది.

ఇంట్లో ఒక డబ్బా ఉంది. కంపెనీలో మిగిలిన కంప్రెసర్ నూనె, తలుపు బందులకూ బైకు గొలుసుకూ పనికొస్తుందని తెచ్చుకున్నది. అది మామూలు ఇంజన్ నూనెతో కలవదు. కలిస్తే గడ్డకట్టుకుపోతుంది. డ్రమ్ము మీదే రాసి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట చెప్పేది నేనే. తెలియక చేశాననే సాకు నాకు లేదు. కొంచెమే కదా, ఏమవుతుందిలే అనుకుంటూ లీటరున్నర పోశాను. కడ్డీ మీద నూనె పై గీత దాకా వచ్చింది. తుడిచి, ట్రాక్టర్ అక్క ఇంటి ముందు పెట్టి, తాళం ఇచ్చేశాను.

మూడో రోజు, నీళ్లు పెట్టిన మడిలో దున్నుతుండగా ఇంజన్ పట్టేసింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన బావే నడుపుతున్నాడు. పెద్ద చప్పుడు చేసి ఆగిపోయిందట. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ట్రాక్టర్‌ను మడిలోంచి బయటికి లాగి ఉంచారు, ఖాజా భాయ్ గట్టు మీద గోనెసంచి పరుచుకుని అడుగు భాగం విప్పుతున్నాడు. నాట్ల కోసం బావ మాట ఇచ్చిన రైతులు పదిమంది దాకా చుట్టూ నిలబడ్డారు. అడుగు చిప్ప కిందికి దిగింది. అందులో నూనె లేదు. చల్లారిన అంబలిలా గోధుమరంగు ముద్ద ఉంది. నూనె పైకి లాగే జాలీ దానితో పూర్తిగా పూడుకుపోయింది.

"గిదేంది ఖాజా?" అన్నాడు బావ.

ఖాజా భాయ్ ముద్దను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నేను పోసిన నూనె గిట్ల కాదు దేవదానం. ఎన్నేండ్ల సంది గదే డబ్బా తెస్తున్న. ఇండ్ల వేరే నూనె కలిసింది."

"నా బండ్ల వేరే నూనె ఎవడు పోస్తడు?"

ఖాజా భాయ్ తల ఎత్తాడు. గుంపులో నన్ను చూశాడు. ముఖంలో కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యాన్ని నేను మర్చిపోలేను. నన్ను చూసి వచ్చింది అది.

"తమ్మీ, నువ్వు కంపెనీల ఉంటవ్. నూనెల ముచ్చట నీకెర్క. జెర నువ్వే చెప్పు."

అందరూ నావైపు తిరిగారు. నేను వంగి ముద్దను వేళ్ల మధ్య నలిపాను. పరీక్షిస్తున్నట్టు నటించాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే, రోజూ నా చొక్కాకి అంటుకుని ఇంటికొచ్చే వాసనే వచ్చింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, చెప్పేద్దామనుకున్నాను. బావ గొంతు మీద నరం ఉబ్బి ఉంది. పదిమంది చూస్తున్నారు.

"నీకు కల్తీ డబ్బా వచ్చినట్టుంది భాయ్," అన్నాను.

"కల్తీనా?"

"గట్లనే ఉంది."

"మంచిగ చూడు తమ్మీ."

"చూసిన భాయ్. కల్తీనే."

బావ ఆయన కాలర్ పట్టుకున్నాడు. "నమ్మి బండి ఇస్తె కల్తీ నూనె పోస్తవా?" అని చెంప మీద కొట్టాడు. ఇద్దరు ముగ్గురు పట్టుకుని లాగారు. వాళ్లలో నేనూ ఉన్నాను.  ఖాజా భాయ్ బావ వైపు చూడలేదు. తన అరచేతిలోని ముద్దనే చూస్తున్నాడు, చదవడం రాని ఉత్తరాన్ని చూస్తున్నట్టు.

తర్వాత జరిగింది నువ్వు ఊహించగలవు. మంచి మెకానిక్ కావడానికి ఏళ్లు పట్టింది. కల్తీ నూనె ఖాజా కావడానికి ఒక్క వారం చాలింది. ట్రాక్టర్లు రావడం మానేశాయి. ఏడాది తిరిగేలోపు షెడ్డుకు తాళం పడింది. ఆయన భార్య రెహానా మా ఇంటికొచ్చి, కంపెనీలో ఏదైనా పని చూడమంది. కాంట్రాక్టర్‌తో మాట్లాడి హెల్పర్‌గా పెట్టించాను. బావను కాదని ఆయనకు సాయం చేశానని ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు. చర్చిలో అయ్యగారు కూడా నా భుజం తట్టారు. ఆ మెప్పును నేను వద్దనలేదు. వినమ్రంగా తల వంచాను కూడా. ఎలాంటి మనిషి అలా తల వంచగలడు?

ఇప్పుడు రెండో అబద్ధం.

కంపెనీలో చేరిన కొన్నాళ్లకు, ఖాజా భాయ్ ఒక పంపు పక్కన ఆగి, దాని మీద చెయ్యి వేసి, బేరింగు పోతోందని చెప్పాడట. ఎవరూ పట్టించుకోలేదు. మూడు రోజులకు పోయింది. మా ఇంజనీరు నన్ను పిలిచి, "మీ ఊరాయనే కదా, మన మెయింటెనెన్స్‌లోకి తీసుకుందామా?" అని అడిగాడు.

మా విభాగమంటే కంప్రెసర్లు. కంప్రెసర్లంటే ఆ నూనె. ఆయన ఒక్కసారి దాన్ని వేళ్ల మధ్య నలిపితే చాలు, డ్రమ్ము మీద రాసింది ఎవరైనా చదివి చెబితే చాలు. 

"వద్దు సార్," అన్నాను. "ఊళ్లె ఒక ఇంజన్ ఖరాబ్ చేసిండు. నమ్మలేం."

ఈసారి చుట్టూ పదిమంది లేరు. బావ కోపం లేదు. ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంది. మొదటిది భయంతో నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. దీనికేం చెప్పను? ఇది బుర్రతో ఆలోచించి ఆడిన అబద్ధం. ఇంజన్ గుండె చప్పుడు వినగలిగిన మనిషిని డ్రమ్ముల యార్డులోనే ఉంచేశాను. ఆయన అక్కడ రసాయనాల డ్రమ్ములు దొర్లిస్తూ ఏళ్లు గడిపాడు. ఆయన ఎదురైనప్పుడల్లా సలాం తమ్మీ అనేవాడు. ప్రతి రంజాన్‌కీ షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చేవాడు. నేను తినేవాణ్ణి. బాగుందని చెప్పేవాణ్ణి.

రెండేళ్ల కిందట యార్డులో ఒక డ్రమ్ము జారి ఆయన కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు నలిగాయి. పటాన్‌చెరు ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. కట్టు కట్టాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "నీ పున్నెం తమ్మీ. నువ్వు లేకుంటె గింత జల్దీ చూసేటోళ్లా?" అన్నాడు. బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకున్నాను. ఆ వేళ్లు మళ్లీ వంగలేదు.

ఈ ఏడు రంజాన్‌కి గిన్నె రెహానా తెచ్చింది. ఆ వేళ్లతో ఆయనకు బైకు నడపడం కష్టమవుతోందట. గడపలో నిలబడి మాట్లాడుతూ మామూలుగా అంది: "ఇప్పటికి గూడ రోడ్డు మీద ట్రాక్టర్ పోతె ఇంటడన్నా. ఇని, నేనేం తప్పు చేసిన్నో సమజైతలేదు అంటడు. తొమ్మిదేండ్లాయె, గదే ముచ్చట."

ఆ గిన్నె ముట్టలేకపోయాను.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. ఖాజా భాయ్ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెహానా టీ తెచ్చి నా ముందు పెట్టింది. నిలబడే చెప్పాను. గట్టు, రాయి, డబ్బా, అన్నీ. ఇంజనీరుతో అన్నది కూడా చెప్పాను. అది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

 ఖాజా భాయ్ అడిగాడు, "ఎంత పోసినవ్?"

"లీటరున్నర."

ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. లోపల ఎక్కడో ఆ ఇంజన్ మళ్లీ విప్పుతున్నాడనిపించింది. "ఇంజన్ వేడెక్కంగనే గడ్డ కట్టింది," అన్నాడు. "జాలీ మూసుకపోయింది. నూనె పైకి పోలే. గదే." తొమ్మిదేళ్ల లెక్క తేలినవాడిలా ఊపిరి వదిలాడు. నేను పిచ్చివాణ్ణి. ఆ ఊపిరితో నన్నూ క్షమించాడనుకున్నాను.

కళ్లు తెరిచి నన్ను చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"అప్పుడు నలుగురిల చెప్పినవ్," అన్నాడు. "ఇప్పుడు నా వాకిట్ల నాకొక్కనికి చెప్తున్నవ్."

ఆయన వీధి వైపు చెయ్యి చూపాడు.

"ఇగ పో."

లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను టీ తాగలేదు. రెహానా తాగమనలేదు.

ఆ మధ్యాహ్నమే బావకు చెప్పాను. ఆయన ముఖం తిప్పుకుని, "ఊళ్లె అనకు," అన్నాడు. "కొట్టింది నేను. నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?" అక్క ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. దేనికి కోపమో నేను అడగలేదు.

మా చర్చిలో తమ బతుకులో జరిగింది అందరి ముందూ సాక్ష్యంగా చెప్పేవాళ్లు లేచి నిలబడతారు. రెండు ఆదివారాలు లేవబోయి కూర్చున్నాను. భయం ఒక్కటే కాదు కారణం. అక్కడ చెబితే అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు, ప్రార్థన చేస్తారు, నన్ను క్షమించేస్తారు. కానీ ఖాజా భాయ్ దగ్గరికి ట్రాక్టర్లు తేవడం మానేసినవాళ్లలో చాలామంది ఆ చర్చికి రారు. చెప్పాల్సింది పంచాయతీ ఆఫీసు ముందున్న టీ హోటల్ దగ్గర. ట్రాక్టర్ల వాళ్లు పొద్దున్నే అక్కడే కూర్చుంటారు. ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్లలో సగం మంది ఇప్పటికీ అక్కడికొస్తారు.

నిన్న వెళ్లాను. టీ తాగాను. తిరిగి వచ్చేశాను.

చెబితే ఖాజా భాయ్ వేళ్లు వంగవు. షెడ్డు తాళం తీసినా లోపల పనిముట్లు లేవు, ఎప్పుడో అమ్మేశాడు. ఆయన నన్ను క్షమిస్తాడని నేను అనుకోవడం లేదు. క్షమించమని అడగలేదు కూడా. అడిగే హక్కు నాకుందా?

కానీ ఆ నూనె పోసింది నేనని, పోసి ఆయన మీదికి నెట్టింది నేనని కాగితం మీద రాసి చూసుకోవడం ఇదే మొదటిసారి.   రేపు పొద్దున డ్యూటీ లేదు, మళ్లీ హోటల్ దగ్గరికి వెళతాను. నోరు పెగులుతుందో లేదో నాకే తెలియదు. ముందు నీకు చెప్పాను.