పిల్లల తాళం

మా ఒంటిగది ఖోలీలో నాకంటూ ఉన్నది మాళా ఒక్కటే. గదిలో సగం మేర పైన చెక్కలు పరిచి చేసిన అటక అది. నిచ్చెన ఎక్కి, నడుం వంచి లోపలికి పాకాలి. ట్రంకు పెట్టెలు, బోనాలకు దించే ఇత్తడి బిందెలు, వాటి పక్కన నేను. కింద అమ్మ, అన్న, వదిన, ఒక టీవీ. ఆ టీవీ పొద్దున అమ్మది, సాయంత్రం వదినది, ఆదివారం అన్నది. నాదెప్పుడని అడిగితే జోకు వేశాననుకుంటారు.

అందుకే టీవీ అక్కర్లేని, చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కొనాలనుకున్నాను. ముప్పై మూడేళ్ళొచ్చాక ఆటలేమిటని అడుగుతారు. అడగండి, నాకేం సిగ్గు లేదు. చిన్నప్పుడు మా ఖోలీలన్నీ వరుసగా ఉండే చాల్ బిల్డింగులోకి ఎవరో టీవీకి తగిలించే గేమ్ తెస్తే మగపిల్లలంతా దాని ముందు గుమిగూడారు. దాని వైరు లూజుగా ఉండేది. దాన్ని వేలితో నొక్కి పట్టుకునే పని నాకిచ్చారు. "కదలకుండ పట్టుకోవే, తర్వాత నీ బారీ" అనేవాడు అన్న. ఆ వంతు ఏ సెలవుల్లోనూ రాలేదు. గేమ్ పాడైపోయింది, మగపిల్లలు పెద్దవాళ్ళయ్యారు, నేను వైరు వదిలి పళ్ళ డాక్టరు దగ్గర ఫోనెత్తే పనిలో చేరాను.

క్లినిక్ మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. ఆ ఖాళీలో ఒకరోజు గ్రాంట్ రోడ్ స్టేషను దగ్గర షాపుకు వెళ్ళి కొనేశాను. షాపతను డబ్బా తెరిచి చూపిస్తానన్నాడు. వద్దు, నేనే తెరుచుకుంటానన్నాను. సంచీని గుండెకు అదుముకుని ఫోరస్ రోడ్ మీద నడుస్తుంటే టాక్సీవాడు హారన్ కొట్టి తిట్టాడు. ఆ తిట్టు కూడా తియ్యగానే అనిపించింది, ఏం చెప్పను!

ఇంట్లో డబ్బా తెరవబోతుంటే అమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డా, అన్న రానీ. కొత్త సామాను మీద మొదట మగోని చెయ్యి పడాలె."

ఇది మా ఇంటి పద్ధతి. మా తాత పాలమూరు నుంచి ఈ మహానగరానికి రాళ్ళు మోసే పనికి వచ్చాడు. ఆ రోజుల్లో కొత్త తాపీ అయినా, కొత్త గుణపమైనా మేస్త్రీ ముట్టిన తర్వాతే కూలీలు ముట్టేవాళ్ళట. తాత పోయాడు, గుణపాలూ పోయాయి. మేస్త్రీ మాత్రం మా ఇంట్లోనే మిగిలిపోయాడు. మా మిక్సీ మీటను మొదట నాన్న నొక్కాడు. నాన్న పోయాక వచ్చిన ఫ్రిజ్‌ను అన్న ఆన్ చేశాడు. నా జీతంతో కొన్న నా ఫోనునూ అన్నే ఆన్ చేశాడు. సరేలే, ఒక్క బటనే కదా అనుకున్నాను.

అన్న ఏసీలు బాగుచేసే పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, దానికో దండం పెట్టి బటన్ నొక్కాడు. అయితే ఈ కాలం సామానుకు బటన్ ఒక్కటే చాలదు. అది భాష అడిగింది, నెట్టు అడిగింది, ఎవరి పేరు, ఏ ఫోను నంబరు అని అడిగింది. అన్న తన పేరు కొట్టాడు, తన నంబరు కొట్టాడు.

"ఇంట్ల అన్నీ నా మీదనే ఉన్నయి గద" అన్నాడు.

నిజమే. గ్యాసు, కరెంటు బిల్లు, ఖోలీ రసీదు, అన్నీ అన్న పేరు మీదే. మా బిల్డింగు కూల్చి కొత్తది కడతారంటూ వచ్చిన కాగితాలూ అంతే. చివరికి ఆ గేమ్, ఇంట్లో పిల్లలుంటే తాళం పెడతారా అని అడిగింది.

"పెట్టేద్దాం. ఇంటర్నెట్ల ఎవడెవడో మాట్లాడ్తడట. ఆడపిల్ల గద" అంటూ అన్న ఆ తాళాన్ని తన ఫోనుకు కలుపుకున్నాడు.

వదిన నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను తీసుకున్నది ఖాళీ జాగాలో ఇల్లు కట్టుకునే ఆట. అది డౌన్‌లోడ్ అవుతుంటే పసిబిడ్డ ఉయ్యాల దగ్గర కూర్చున్నట్టు పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అమ్మ కునుకు తీయగానే మాళా ఎక్కేదాన్ని. ముందు గోడలు కట్టాను. కిటికీ పెట్టాను. తలుపు పెట్టి దానికి గడియ పెట్టాను. మా ఖోలీ తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. కాసేపు మూస్తే చాలు, బయట అందరికీ కలిపి ఉన్న గ్యాలరీ వరండాలో బట్టలారేసే ఆడవాళ్ళు ఏమైంది, ఎవరికి బాగోలేదు అని అడుగుతారు. ఆ ఆటలో మాత్రం నేను తలుపు మూసుకుని కుర్చీలో ఊరికే కూర్చునేదాన్ని. వేరే ఏం చేయబుద్ధి అయ్యేది కాదు. నా బతుకులో అంత హాయిగా ఎప్పుడూ లేను.

ఒక మధ్యాహ్నం తెర ఆగిపోయింది. ఈ రోజుకు ఆడింది చాలని అక్షరాలు వచ్చాయి. అన్నకు ఫోన్ చేశాను.

"అరే, డ్యూటీ మీదున్న. ఇంటికొచ్చినంక చూద్దాం" అని పెట్టేశాడు.

ఇంటికొచ్చి చూడలేదు. షాపుకు పరుగెత్తాను. తాళం ఏ నంబరు మీద ఉందో ఆ మనిషే రావాలన్నాడు షాపతను.

ఆదివారం మటన్ వండారు. తింటూ తింటూ అన్న ఫోను తీసి, ఏ రోజు నేనెంతసేపు ఆడానో చదవడం మొదలుపెట్టాడు. అవన్నీ అతని ఫోనుకు వస్తున్నాయట!

"బుధవారం బట్టలు మడతపెట్టుమంటె తలనొప్పి అన్నవు గద?" అంది వదిన.

"తలనొప్పి కాదు, మేడం ఇల్లు కడ్తున్నది!" అన్నాడు అన్న.

గ్యాలరీలో వెళ్తున్న పక్కింటి పిన్ని గుమ్మంలో ఆగి, "ఏడ కడ్తున్నవే? మాకు గూడ ఒక ఖోలీ ఇయ్యి" అంది. అందరూ పడీపడీ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. స్నానం చేస్తుంటే ఎవరో తలుపు లాగినట్టయింది నాకు.

"తాళం తియ్యన్నా. నా పేరు మీద మార్చు. నా పైసలతోని కొనుక్కున్న" అన్నాను.

"ఇప్పుడేంది తొందర? రేపు పెండ్లయినంక మీ ఆయన పేరు మీద మార్చుకో."

వెక్కిరింపుగా అనలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. ఎముకలో మూలుగ కోసం చూస్తూ, ఎంతో మామూలుగా అన్నాడు.

నేను మాళా ఎక్కి ఆ సామాను తెచ్చి అతని ఒళ్ళో పడేశాను. "నీ పేరు మీదనే ఉన్నది గద, నువ్వే ఉంచుకో" అన్నాను. సిగ్గుపడతాడనుకున్నాను. బతిమాలి తిరిగి ఇస్తాడనీ, తాళం తీస్తాడనీ అనుకున్నాను. అన్న చెయ్యి తుడుచుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నిజంగనేనా?" అన్నాడు. అతని మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు అన్న పని నుంచి రాగానే గ్యాలరీలో స్టూలు వేసుకుని కార్ల ఆట ఆడుతున్నాడు. అతనెంతసేపు ఆడాడో ఎవరి ఫోనుకూ రాదు. నేనేమైనా అంటే, "పొద్దంత కష్టపడి వచ్చిండు, ఆడనీ బిడ్డా" అంటుంది అమ్మ. నిన్న ఉండబట్టలేక నా ఇల్లు ఎలా ఉందని అడిగాను.

"దీంట్ల కార్ల ఆటకు జాగా సాలలే. తీసేసిన" అన్నాడు, తెర మీంచి కళ్ళు ఎత్తకుండానే.